రింగుల జుట్టు రాల్చుకోవడం ఎలా? చిక్కు వెంట్రుకలవాడి సలహాలు

చిక్కు వెంట్రుకలు కొంటాం! స్టీలు గిన్నెలిస్తాం, పిన్నీసులిస్తాం, సవరాలు కట్టిస్తాం!

పోలవరం చుట్టుపక్కల పొద్దున్నే ఈ కేక వినబడితే అది నాదేనండి. పాత మోపెడ్డు, వెనకాల స్టీలు సామాన్ల గంప, హ్యాండిలుకు వేలాడే గోనెసంచి. సోమవారం గూటాల, మంగళవారం పోలవరం, బుధవారం పట్టిసం, గురువారం ప్రగడపల్లి. మీరు దువ్వెన పళ్లలోంచి లాగి, వేలికి చుట్టి, తుపుక్కున ఉమ్మి, చూరులో దోపిన ఉండలన్నీ నా కాటా ఎక్కాల్సిందే. మీ జుట్టు రాలితేనే నా పొయ్యి రాజుకుంటుంది. ఇందులో దాపరికమేమీ లేదు. ఈ సలహాలు ఎవరి మేలు కోరి చెప్తున్నానో ముందే చెప్పేశాను. షాంపూ కంపెనీవాళ్లు ఈపాటి నిజం కూడా చెప్పరు.

రింగుల జుట్టున్న ఇల్లు దొరికిందంటే నాకు పండగ. తిన్నని జుట్టు రాలితే నేల మీద పడుతుంది, చీపురు ఊడ్చుకుపోతుంది. రింగుల జుట్టు రాలినా కిందపడదు, పక్క వెంట్రుకను పట్టుకుని తలలోనే వేలాడుతుంది. తలంటుకున్న రోజు దువ్వితే గుప్పెడు ఒక్కసారే వస్తుంది. నొక్కుల జుట్టు, గిరజాల జుట్టు, ఇంకా ముడుచుకుని తల చుట్టూ గొడుగులా లేచి నిలబడే జుట్టు ఉంటుందే, బళ్లో పిల్లలు ‘సాయిబాబా’ అని పేరు పెట్టేసేది, ఇవన్నీ నా లెక్కలో ఒక్క కోవే. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అని పేట ఉంది. ఏసీ అంటే చల్లగాలి మిషను కాదండి, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో ఆఫ్రికా మనుషుల గుర్రపుదళం ఉండేది, పేటకు ఆ పేరే మిగిలింది. బిగుతు రింగులంటే అసలు వాళ్లవి. మా గోదావరి పిల్లల గిరజాలు ఆ దారిలో సగం దూరం వెళ్లి ఆగిపోయినట్టుంటాయి.

మా అమ్మాయి రాజమండ్రిలో నర్సింగు చదువుతోంది. దానివీ రింగులే, మా అమ్మ పోలిక. సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా పుస్తకం తెరిచి నాకు పాఠం చెప్తుంది. దాని పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుంటే నా వ్యాపార సూత్రాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ సూత్రాలే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

అన్నిటికన్నా ముందు, వెంట్రుక తింటుందని నమ్మండి. ఈ నమ్మకం కుదిరితే మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి. వెంట్రుక చచ్చిన సరుకనీ, తల తోలు కిందున్న కుదురొక్కటే బతికుంటుందనీ, ఆ కుదురు తినేది రక్తంలో వచ్చినదేననీ మా అమ్మాయి అంటుంది. మీరు వినకండి. కోడిగుడ్డు కొట్టి తలకు పట్టించండి, నోట్లో మాత్రం వేయకండి. గుడ్డులోని మాంసకృత్తులు వెంట్రుకలోకి దూరలేనంత పెద్దవట. దూరకపోతే పోనీండి, వాసనైనా మిగులుతుంది. 55 కిలోల మనిషికి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలట. ఒక గుడ్డు తింటే ఆరు గ్రాములు లోపలికి వెళ్తాయి, అదే గుడ్డు తలకు రాస్తే సున్నా. వెంట్రుకంటే కెరటిన్, కెరటిన్‌ను కట్టి ఉంచేది గంధకమున్న సిస్టీన్. ఒక గంధకం ఇంకో గంధకం చెయ్యి పట్టుకుంటేనే వెంట్రుకకు పటుత్వం. ఆ గంధకం గుడ్డులో, పప్పులో, చేపలో ఉంటుంది. మీరు మాత్రం ఉల్లిపాయ రసం తీసి తలకే పులమండి.

ఉసిరికాయ విషయంలోనూ ఇదే పద్ధతి. ఉసిరిలో సి విటమిన్ దండిగా ఉంటుంది, తింటే పప్పులోని ఇనుమును ఒంట పట్టిస్తుంది. మీరు ఉసిరిని కొబ్బరినూనెలో వేసి నల్లగా మాడేదాకా కాచండి. సి విటమిన్ నీళ్లలో కరిగేది, నూనెలోకి దిగదు, పైగా వేడికి పాడైపోతుంది. సీసాలో చక్కటి నల్లరంగు మాత్రం మిగులుతుంది. నూనె రాస్తే ఎండు కొసలు కాస్త నునుపెక్కుతాయి, ఆ మాత్రం నిజం ఒప్పుకోకపోతే కళ్లు పోతాయి. కానీ అది గోడకు సున్నం వేసినట్టు. పునాదికి అందేదేం లేదు.

ఇక టీ. అన్నం తిని చెయ్యి కడిగీ కడగగానే చిక్కటి టీ గొంతులో పోయండి. నా వ్యాపారంలో టీ నాకు పైసా వాటా అడగని భాగస్వామి. టీలోని వగరు పదార్థం తోటకూరలో, పప్పులో ఉన్న ఇనుమును పొట్టలోనే పట్టుకుని, ఒంట పట్టనీయకుండా బయటికి సాగనంపుతుంది. గంట ఆగి తాగితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుందట. ఆగకండి. నిమ్మకాయ కోసి పప్పన్నంలో పిండుకోకండి. పులుసు ఇనప మూకుడులో కాస్తే కొంత ఇనుము పులుసులోకి దిగుతుంది కాబట్టి ఆ మూకుడు పాత సామాను వాడికి వేసేయండి. నాకే వేసినా తీసుకుంటాను, బదులు నాన్‌స్టిక్ పెనం ఇస్తాను.

ఇనుము తగ్గితే జుట్టెందుకు రాలాలి? మా అమ్మాయి చెప్పిన మాట నాకు బాగా పట్టింది. ఒళ్లొక పెళ్లి భోజనమట. గుండె, మెదడు మొదటి బంతిలో కూర్చుంటాయి. ఆఖరి బంతి జుట్టుది. వంటలు తక్కువ పడితే ముందు బంతుల వాళ్లకు తెలియనే తెలియదు, ఆఖరి వాళ్ల విస్తట్లో చారు, మజ్జిగే. ఇంట్లో కూడా ఇదే వరస చూస్తుంటాను. ఐసీఎంఆర్ 2020లో వేసిన లెక్కలో ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాళ్లకు 19. ఎక్కువ కావలసింది ఆమెకు, ముందు వడ్డించేది ఆయనకు. చేప ముక్క ఆయనకు, పిల్లాడికి. పులుసూ, గిన్నె అడుగూ ఆమెకు. ఈ ఆచారాన్ని దయచేసి మార్చకండి. 2019-21లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. అంటే పది గడపలు తొక్కితే ఆరు గడపల్లో నాకు బేరం ఉన్నట్టే.

బళ్లో ఆడపిల్లలకు వారానికోసారి నీలం బిళ్ల ఇస్తారు చూడండి, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది అని చెప్పి దాన్ని జామచెట్టు మొదట్లో పారేయించండి. జామచెట్టుకు జుట్టు మొలవదు కాబట్టి నాకు పోటీ ఉండదు. ఆ ఫోలిక్ ఆమ్లం కథ మా అమ్మాయి చెప్పినప్పుడు మాత్రం నాకు కాస్త సిగ్గేసింది. దాన్ని అమెరికాలో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో, 1945 నాటికి, చేత్తో తయారుచేసి చూపించిన బృందాన్ని నడిపించింది మన యల్లాప్రగడ సుబ్బారావుగారట. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో బడికెళ్లిన మనిషి. తోడబుట్టినవాళ్లను స్ప్రూ జబ్బు పొట్టన పెట్టుకుంటే, ఆ బాధ మనసులో పెట్టుకుని ప్రయోగశాలకు వెళ్లినవాడు. అంతదూరం వెళ్లి తిరిగొచ్చిన గోదావరి మందు మన జామచెట్టు కింద పడుతోంది. సరే, వ్యాపారంలో సిగ్గు పనికిరాదు.

రాగి సంగతి చెప్తాను. ఇది తెలిశాక నేను రెండు రోజులు గొర్రెల్ని చూస్తూ తిరిగాను. మేతలో రాగి తక్కువైన గొర్రెల ఉన్ని రింగు విడిపోయి, ఉక్కు తీగలా తిన్నగా అయిపోతుందట. నల్లగొర్రెకైతే రంగు కూడా పోతుంది. 1962లో జాన్ మెంకిస్ అనే వైద్యుడు ఒక వింత జబ్బును బయటపెట్టాడు. మగశిశువులకు వస్తుంది. జుట్టు మెలికలు తిరిగి, పేలవంగా, తెల్లబారి, ముట్టుకుంటే తునిగిపోతుంది. మెదడు దెబ్బతింటుంది. కారణం ఏమిటో పదేళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. ఆస్ట్రేలియాలో డేవిడ్ డాంక్స్ ఆ పిల్లల జుట్టు పట్టుకు చూసి, రాగి తగ్గిన గొర్రెల ఉన్ని ఇలాగే ఉంటుంది కదా అనుకున్నాడు. 1972లో తేల్చాడు, ఆ పిల్లల పేగులు రాగిని ఒంట్లోకి రానివ్వడం లేదు. పుట్టుకతో వచ్చిన లోపం, తిండి లోపం కాదు. గొర్రెలకు రింగు పోతే రైతుకు నష్టం. ఆ రైతు కళ్లతో చూసిన డాక్టరుకే పసిబిడ్డ జబ్బు దొరికింది. నాకు ఈ కథలో నచ్చింది అదీ. వెంట్రుకను చేత్తో పట్టుకు చూసేవాడికి ఏదో ఒకటి తెలుస్తుంది.

మరి రాగి పోగొట్టుకోవడం ఎలా అంటారా? జింకు బిళ్లలు. కరోనా రోజుల్లో అలవాటయ్యాయి కదా, ఎవరినీ అడక్కుండా నెలల తరబడి మింగుతూ ఉండండి. జింకు మోతాదు మించితే పేగుల్లో రాగిని అడ్డగిస్తుంది. జింకు కూడా జుట్టుకు కావాలి, అది నిజమే. కానీ ఆ కావలసింది పీతలో, నువ్వుల్లో, పప్పుల్లో ఉంటుంది. నువ్వుల చిమ్మిలిలో జింకూ రాగీ ఇనుమూ మూడూ ఉంటాయి. అందుకే దాన్ని ఏడాదికి ఒక్కసారి నాగులచవితి నాడు పుట్టలో వేసి చేతులు దులుపుకోండి. పాము జుట్టు బాగుంటుంది.

బిళ్లల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు. జెల్లీ మిఠాయిల్లా ఉండే బయోటిన్ ముక్కలు డబ్బాలు డబ్బాలు కొనండి. మనిషికి రోజుకు 30-40 మైక్రోగ్రాములు చాలు, మామూలు తిండిలోనే దొరుకుతుంది, లోపం చాలా అరుదు. డబ్బాలో మాత్రం 10,000 ఉంటుంది. దాని ఇంకో సుగుణం, థైరాయిడ్ పరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది. బయోటిన్ రక్తపరీక్షలను తప్పుదారి పట్టించగలదని 2017లో అమెరికా మందుల శాఖ హెచ్చరించింది. జుట్టు రాలడానికి థైరాయిడే కారణమైనా పరీక్షలో బయటపడదు, నా సంచి నిండుతూనే ఉంటుంది. రెండోది సెలీనియం. అమెరికాలోనే 2008లో ఒక టానిక్కులో, సీసా మీద రాసిన దానికి సుమారు 200 రెట్లు సెలీనియం పడిపోయింది. 201 మందికి జబ్బు చేసింది. చాలామందికి జుట్టు రాలింది, గోళ్లు పాడయ్యాయి. బలానికి తాగిన టానిక్కండి అది! ఎ విటమిన్ మాత్రలు అతిగా మింగినా ఇదే ఫలం. ఎక్కువైతే మంచిదే కదా అనే మాటను నేను గుళ్లో పెట్టి పూజిస్తాను.

పెళ్లికి చిక్కాలనుకునే పిల్లలకు నా ప్రత్యేక ఆశీస్సులు. మాఘంలో ముహూర్తమైతే ధనుర్మాసంలోనే అన్నం, పప్పు, గుడ్డు మానేసి కీరాదోసకాయ మీద బతకండి. తిండి హఠాత్తుగా తగ్గితే కుదుళ్లు ఒక్కుమ్మడిగా పని మానేసి విశ్రాంతికి వెళ్తాయి. జుట్టు ఆ రోజే రాలదు, రెండు మూడు నెలలు ఆగి రాలుతుంది. ఫొటోల్లో జడ బ్రహ్మాండంగా పడుతుంది, ఫాల్గుణ చైత్రాల్లో నా సంచిలోనూ అంతే బ్రహ్మాండంగా పడుతుంది. ధనుర్మాసపు కీరాదోసకాయకూ చైత్రంలో ఊడిన జడకూ ఎవరూ ముడిపెట్టరు. నీళ్లు మారాయి, దిష్టి తగిలింది అంటారు. నేను ఆయ్, దిష్టేనండి అంటాను.

బాలింతలకు కూడా కాన్పు తర్వాత మూడో నెలలో ఎంతోకొంత రాలుతుంది, అది సహజం, మళ్లీ మొలుస్తుంది. ఆ మొలిచేదాన్ని ఆపాలంటే పథ్యం గట్టిగా పట్టండి. పప్పు వాతం, గుడ్డు వేడి, ఆకుకూర బిడ్డకు విరేచనం, పెరుగు జలుబు. చారన్నం, కారప్పొడి చాలు. కొన్ని ఇళ్లల్లో అత్తగార్లు ఈ విషయంలో నాకన్నా నాలుగు ఆకులు ఎక్కువే చదివారు.

ఒక సలహా రాసి కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో చెప్తాను. జుట్టు తిన్నగా చేసుకోవడానికి అమ్మాయిలు సెలూన్లో వేలు పోస్తున్నారు, ఆవిరికి కళ్లు మండే మందు పూయించుకుంటున్నారు. మరి పైసా ఖర్చు లేకుండా రింగులు సాపవడానికి ఒక దారుంది, మాంసకృత్తులు పూర్తిగా మానేయడమే అని రాశాను. మా అమ్మాయి చదివి కాగితం లాక్కుంది. సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ ఆఫ్రికాలో, ఇప్పుడు ఘనా అంటున్న గోల్డ్‌కోస్ట్‌లో, 1930లలో చూసిందట. తర్వాతి బిడ్డ పుట్టి తల్లిపాలు ఆగిపోయిన ఏడాది రెండేళ్ల పిల్లలకు, మొక్కజొన్న గంజి తప్ప ఏదీ లేక కాళ్లు ఉబ్బి, నల్లటి బిగుతు రింగులు పల్చబడి, ఎర్రబడి, తిన్నగా అయిపోయేవి. క్వాషియోర్కర్ అని అక్కడి వాళ్లు పిలిచే పేరే పుస్తకాలకెక్కింది. మధ్యలో కొన్నాళ్లు తిండి దొరికితే ఆ మేరకు నల్లగా, దొరకనప్పుడు ఎర్రగా, ఒకే వెంట్రుక మీద జెండా చారల్లా పడేవట. మన దేశంలోనూ ఈ జబ్బు ఉండేది. కూనూరులో 1918లో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్‌గారి లాంటివాళ్లు ఏళ్ల తరబడి దీనిమీదే పనిచేశారు. ‘నవ్వులాటకైనా ఆ మాట రాయకు నాన్నా’ అంది. రాయలేదు.

ఆ జెండా చారల మాట విన్నాక నాకు వెంట్రుక మీద చూపు మారింది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రింగు లాగి పట్టి కొలిస్తే మూరెడుందంటే, కొస మూడు నాలుగేళ్ల కిందటి తిండి, మొదలు నిన్నమొన్నటి తిండి. పోలవరం ప్రాజెక్టు కోసం ఊళ్లు ఖాళీచేసిన పైడిపాక, దేవరగొంది వైపు వాళ్ల దగ్గరికి ఒకప్పుడు నేను ఏటి ఒడ్డునే వెళ్లేవాణ్ని. కాలనీలకు మారాకా వెళ్తున్నాను. ఒకావిడ ఉండ ఇచ్చి గిన్నె తీసుకుంటూ అంది: ‘అక్కడ చేప పట్టుకునేవాళ్లం బాబూ, ఆకు కోసుకునేవాళ్లం. ఇక్కడ అన్నీ కొనాలి.’ ఆ రోజు గిన్నె కాస్త పెద్దదే ఇచ్చాను. నా లెక్కల పుస్తకంలో అది నష్టం కింద రాశాను.

సరే, మళ్లీ పనిలోకి వద్దాం. నీళ్లు. బోరు నీళ్లు తేలిగ్గా నురగ రాకపోతే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నట్టు. ఆ నీళ్లతో తలకు బట్టల సబ్బు రుద్దండి, సున్నపు తెట్టు వెంట్రుక మీద పేరుకుని రింగులు కొబ్బరిపీచవుతాయి. కుంకుడుకాయకు ఆ తెట్టు కట్టదు, కాబట్టి అటు పోకండి. కొండ మీదనుంచి దిగే కుంకుళ్లను బస్తాలకు బస్తాలు గిరిజన సహకార సంస్థకు (జీసీసీకి) అమ్మేసి, ఆ డబ్బుతో సబ్బు కొనుక్కోండి. జుట్టు పొడిగా ఉన్నప్పుడే సన్నపళ్ల దువ్వెనతో పైనుంచి కిందికి ఒక్క లాగు లాగండి. రింగు వంపు తిరిగిన ప్రతిచోటా వెంట్రుక బలహీనం, తలలో ఊరే జిడ్డు ఆ వంపులు దిగి కొసకు చేరదు. మీరు లాగితే చాలు, మిగతాది వంపే చూసుకుంటుంది.

పెరట్లో మునగచెట్టుంటే ఆషాఢంలో మునగాకు తినాలన్న నానమ్మ మాట చాదస్తమని కొట్టిపారేయండి. చోళ్ల జావ పేదవాళ్ల తిండి అనుకోండి. మెత్తళ్లు కంపని ముక్కు మూసుకోండి. ఇక్కడ పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. మీరు పులస తినకుండా పుస్తెలమ్మి జుట్టుకు కెరటిన్ పెట్టించుకోండి. కొత్తగా మొలిచేది మళ్లీ రింగులే మొలుస్తుంది. కుదురు గుంట వంకరగా ఉన్నవాళ్లకు వెంట్రుక కోలగా, వంపుగానే వస్తుంది. అది తాతల నాటి అచ్చు, ఏ తిండీ దాన్ని మార్చదు, ఏ మందూ తుడవలేదు. తిండి చేసేదల్లా ఆ అచ్చులో సరుకు నిండా పోయడమో, సగం పోయడమో.

అన్నిటికన్నా ముఖ్యం, రక్తపరీక్ష చేయించుకోకండి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు అందరికీ రాలతాయి, ఆ మాత్రానికి నాకు పెట్రోలు ఖర్చు కూడా రాదు. అంతకు మించి నెలల తరబడి రాలుతుంటే ఆస్పత్రిలో హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, థైరాయిడ్ చూస్తారు. చూస్తే కారణం తెలుస్తుంది, తెలిస్తే మందిస్తారు, నా ఖాతా ఒకటి తగ్గుతుంది.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి వచ్చింది. తలంటు పోసుకుని అరుగు మీద కూర్చుని, తడి జుట్టు వేళ్లతో విడదీసుకుని, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి దువ్వింది. పక్కన గిన్నెలో పెసరట్టు, రెండో దాంట్లో ఉడికించిన గుడ్డు. దువ్వడమయ్యాక రాలిన ఉండ నా చేతిలో పెట్టి ‘తూచు నాన్నా’ అంది. కాటాలో వేశాను. ముల్లు కదల్లేదు.

మంగళవారం పోలవరం వస్తున్నాను. ఉండలు తడిగా ఉంటే తూకం వేయను, ఎండబెట్టి ఉంచండి.